ఎవరి చేతి వంట

పోయిన వారం వినూతను వీధి గుమ్మంలో, ఫోను చెవికి ఆనించుకుని ఉండగా వదిలాం. అవతల మాట్లాడుతున్నది కొట్రేశ్. జీన్స్ ప్యాంట్లు ఉతికే యూనిట్‌లో పనిచేస్తాడు. అతని భార్య నయనకు బిడ్డ పుట్టిన దగ్గర నుంచి వినూత ఇంటి ఫ్రీజర్‌లోని డబ్బాలే ఆ ఇంటికి భోజనం. ఆ సంతోషం చెప్పుకుందామని, యంత్రాల హోరు మధ్య గొంతు పెద్దది చేసుకుని మాట్లాడుతున్నాడు పాపం.

"మీ అత్తమ్మ చేతికి మొక్కాలక్కా! ఈ వయసులో మా అట్లాటోళ్ళ కోసరం పొయ్యికాడ నిలబడతాండాది చూడు, అది గొప్ప."

"అత్తమ్మ వండిందని ఎవరు చెప్పిరి?"

"ఆయమ్మే చెప్పె. పిల్లల తల్లి చేతి వంట, దిగులు లేకుండా పెట్టప్పా అనె."

అంతే. సూపర్‌వైజర్ పిలిచాడని కొట్రేశ్ ఫోను పెట్టేశాడు. వినూత ఇంకా వింటున్నట్టే నిలబడింది.

వేరే ఎవరికైనా ఇది చిన్న మాట. వంట ఎవరు చేస్తేనేం, ఆకలి తీరితే చాలదా అంటారు. వినూతకు అది చిన్న మాట ఎందుకు కాలేదో తెలియాలంటే ఒక్క సంగతి గుర్తు చేసుకోవాలి.

నిరుడు ఆమె కడుపుతో ఉన్నప్పుడు బాణంతనం, అంటే బాలింత చాకిరీ, చేసే దిక్కు లేదు. తల్లి ఎప్పుడో పోయింది. అత్త పద్మావతమ్మకు మోకాళ్ళ నొప్పులు. బాలింతకు పొద్దూ మాపూ వేడివేడిగా ఎవరు వండిపెడతారన్న ప్రశ్నను బళ్ళారి గాంధీనగర్‌లోని ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. వినూతే ఒక దారి వెతుక్కుంది. మిరియాల చారు, సబ్బసిగె ఆకు, అదే సోయికూర, వేసిన పెసరపప్పు, వెల్లుల్లి అన్నం ముందే వండి, చల్లార్చి, చిన్న డబ్బాల్లో గడ్డకట్టించి పెట్టుకుంది. తీసి ఇడ్లీ పాత్రలో ఆవిరికి పెడితే అప్పుడే దించినట్టు ఉంటుంది. పద్మావతమ్మ చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది. "పుట్టకముందే బాలింత కూడు వండేది యాడన్నా ఉండాదా పిల్లా? వద్దు." వినూత నవ్వింది. మిగిలిన డబ్బాలకు మూతలు పెట్టుకుంది.

నెలలు నిండకుండా పుట్టిన ఆడపిల్ల, ఆ సాయంత్రం దాకా కూడా ఉండలేదు.

ఆ తరువాత ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. అననందువల్లే ఆ నింద ఇంట్లో ఎక్కడ పడితే అక్కడ ఉండేది. వినూత తన కుడి చేతిని వేరే ఎవరిదో అయినట్టు చూసుకోవడం మొదలుపెట్టింది. అన్నం కలుపుతూ ఆగిపోయేది. ఆ చేతికి శిక్ష వెయ్యాలో క్షమాపణ చెప్పాలో ఆమెకు తెలియలేదు. చివరికి దానికి పని ఇచ్చింది. పక్క వీధిలో ఒక నర్సు ప్రసవించిందనీ, వండిపెట్టే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ లేదనీ విని, ఒకరోజు మళ్ళీ వెల్లుల్లి ముందు పెట్టుకుని కూర్చుంది. ఆ తరువాత ఇంకో ఇల్లు. ఆ తరువాత ఇంకొకటి. బిడ్డ ఉన్న ఇంటికి వెళ్ళే ధైర్యం మాత్రం ఆమెకు లేదు. సంచీ పట్టుకుని, మోకాళ్ళు నొక్కుకుంటూ, ఆటో ఎక్కి వెళ్ళేది పద్మావతమ్మే. ఖాళీ డబ్బాలు తిరిగి వచ్చేవి. ఒక తల్లి తన చేతి కూడు తిన్నది, ఆమెకేం కాలేదు, బిడ్డకూ ఏం కాలేదు. ఖాళీ డబ్బా వచ్చిన ప్రతిసారీ వినూత లోపల ఎవరో ఆమెను కొంచెం కొంచెంగా విడిచిపెడుతున్నట్టు ఉండేది.

ఇప్పుడు కొట్రేశ్ ఒక్క మాటతో ఆ విడుదలంతా వేరొకరి పేరు మీద జరిగిందని చెప్పాడు.

వినూత లోపలికి వచ్చేసరికి పద్మావతమ్మ వంటింట్లో నేల మీద కాళ్ళు చాపుకుని వెల్లుల్లి ఒలుస్తోంది. పొట్టు ఎగరకూడదని ఫ్యాను ఆపుకుంది. మెడ మీద చెమట మెరుస్తోంది.

"ఎవరే ఫోను?"

"కొట్రేశ్. మీ చేతి వంట బాగుండాదంట."

రెబ్బను గిల్లుతున్న గోరు ఆగింది. మళ్ళీ కదిలింది.

"బాగుండాదంటే మంచిదే గదా."

"మీరెప్పుడు వండితిరి అత్తా?"

"మాటకు చెప్పింటా. దానికేంది ఇప్పుడు?"

"కొట్రేశ్‌కు ఒక్కనికే చెప్పినారా, అందరికీనా?"

పద్మావతమ్మ ఒడిలోని పొట్టును ఒక పక్కకు పోగుచేసింది. ఆమె అబద్ధాలాడే మనిషి కాదు. బజారులో స్టీలు సామాన్ల అంగడి నడిపే ఇంటి కోడలై వచ్చి, పళ్ళెం పలచన అయితే పలచన అని గిరాకీకి చెప్పేసి, మామగారితో తిట్లు తిన్న మనిషి. అందుకే ఇప్పుడు ఆమెకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

"అందరికీ," అంది.

"ఎందుకు? నా పేరు చెప్తే తినరనా?"

"తినలే కాబట్టే."

వినూత గోడకు ఆనుకుంది.

"ఆ నర్సు పిల్ల ఇంటికి పోయి, మా కోడలు వండిందమ్మా అంటి. ఆ పిల్లకేం లేదు, చెయ్యి చాపె. వాళ్ళత్త లోపల్నుంచి వచ్చి, మీ కోడలంటే ఆ బిడ్డ పోయిన పిల్లనే గదా అనె. గట్టిగా అనలే, పాపం. మెత్తగానే అనె. డబ్బా మళ్ళా నా సంచిలోనే పెట్టె."

"డబ్బా ఖాళీగా తెచ్చినారు మీరు."

"హౌదు, ఖాళీదే."

"కడిగి తెచ్చినారు."

"కడిగే తెస్తిని."

"మరి లోపలుండేది?"

పద్మావతమ్మ తల ఎత్తలేదు. "తింటిని."

ఫ్యాను లేని వంటింట్లో వెల్లుల్లి వాసన కదలకుండా నిలిచి ఉంది.

"బస్టాండు కాడ సిమెంటు బల్ల మీద కూర్చొని తింటిని. సగం గడ్డ కరగనే లేదు. పండ్లు జిల్లుమనె. ఎవరో కాలేజీ పిల్లోళ్ళు చూసి, ముసలామెకు పిచ్చేమో అని నవ్వుతాండ్రి. కుక్కకేద్దామంటే చెయ్యి రాలేదే. పొద్దున్నుంచి నువ్వు వండింటివి గదా. ఎట్ల పారేసేది? నిండు డబ్బా ఇంటికెట్ల తెచ్చేది? కొళాయి కాడ కడుక్కొని వస్తిని. నువ్వు మూత తీసి చూస్తివి. నవ్వితివి. ఎన్నాళ్ళకో నవ్వితివి. ఆ మరుసటి ఇంటి నుంచి నేనే వండినా అనడం మొదలుపెడితి."

ఈ మాటకు వినూతకు ఏడుపు రావాలి. అత్త కాళ్ళ దగ్గర కూర్చోవాలి. అలా కూర్చోవాల్సిన చోటు కూడా ఆమెకు కనబడుతూనే ఉంది, పొట్టు పోగు పక్కన. కూర్చోలేదు. మనల్ని ప్రేమించేవాళ్ళు మనకు తెలియకుండా మన కోసం ఎంత చేశారో తెలిసిన క్షణంలో ఒక్కోసారి కృతజ్ఞత రాదు. మనం ఎంత ఒంటరిగా ఉన్నామో తెలుస్తుంది. ఇన్నాళ్ళూ తాను నిలబడి ఉన్నది నేల మీద కాదు, అత్త చేతుల మీద. కింద నేల ఉందో లేదో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

"అత్తా, ఒకటి అడుగుతా. మీరూ నమ్ముతారా?"

"ఏంది?"

"నా చెయ్యి మంచిది కాదని."

వెంటనే కాదు అని ఉంటే సరిపోయేది. పద్మావతమ్మ ఆలోచించింది. అబద్ధం అలవాటు లేనివాళ్ళు ఆలోచించినట్టు, నిజంగానే ఆలోచించింది.

"నమ్మను అనాలనే ఉండాది," అంది చివరికి. "ముందే వండద్దంటి. నువ్వు వినల్యా. ఈ మాట ఎన్నిసార్లు గొంతు దాకా వచ్చెనో, ఎన్నిసార్లు మింగితినో ఆ దేవునికే తెలుసు. ఈ పొద్దు నువ్వడిగితివి, వచ్చేసె."

వినూత ఫ్రీజర్ తలుపు తీసింది. చల్లటి పొగ ముఖానికి కొట్టింది. నయన ఇంటికి వెళ్ళాల్సిన డబ్బాలు తీసి థర్మోకోల్ పెట్టెలో సర్దింది.

"ఈ పొద్దు నేనే పోతా."

"పోయి?"

"నేను వండినా అని చెప్తా."

"చెప్తే?" పద్మావతమ్మ నేల మీద చెయ్యి ఆనించి లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చుంది. "నిజం చెప్తే ఆ బాలింత పస్తుంటాదే పిల్లా! నిన్న మొన్నటి దాకా జొరంతో ఉండె. నీ నిజం దాని కడుపు నింపుతాదా?"

వినూత స్కూటర్ తాళం తీసుకుంది.

బళ్ళారి ఎండ స్కూటర్ సీటును పెనం చేసి పెట్టింది. కౌల్ బజార్ దాటి, నీలం రంగు నీళ్ళు పారే మోరీ పక్కన మలుపు తిరిగే దాకా ఆమె ఒకే వాక్యాన్ని లోపల దిద్దుకుంటూ వచ్చింది. మెత్తగా ఎలా చెప్పాలి, ఏది ముందు చెప్పాలి. ఇంటి ముందు దిగేసరికి ఆ వాక్యం బాగా అరిగిపోయి, తనది కాని దానిలా ఉంది.

అరుగు మీద ఒక ముసలామె బిడ్డ గుడ్డలు ఆరేస్తోంది. కొట్రేశ్ అవ్వ నాగక్క, నిన్ననే ఎమ్మిగనూరు నుంచి వచ్చింది. వరికోతలు వదిలిపెట్టి రావడానికి ఇన్నాళ్ళు పట్టింది. వినూత చేతిలోని తెల్ల పెట్టెను చూడగానే గుర్తుపట్టింది.

"ఓ, డబ్బాలమ్మవా! పద్మావతమ్మంటే ముసలామె అనుకొంటి. చిన్నదానివే!"

"నేను వాళ్ళ కోడల్నవ్వా."

"ఎవరైతేనేం, రా. మా కొట్రేసి ఫోన్లో చెప్పె, అవ్వా, నయన ఐసులో పెట్టిన కూడు తింటాండాదని. నా గుండె జారిపాయె. బాలింతకు ఐసేందిరా, ఇంక ఆ కుల్ఫీ బండోన్ని కూడా ఇంటికి పిలుచుకో, బాణంతన అయిపోతాది అని తిడితి." నవ్వింది. పళ్ళు అక్కడొకటీ ఇక్కడొకటీ ఉన్నాయి. "నిన్న వచ్చి చూస్తే ఆవిరికి పెడతాండె వాడు. పొగలు కక్కతాండాది. సరేలే అనుకొంటి."

పెట్టె అందుకోవడానికి రెండు చేతులూ చాపింది.

"అవ్వా, ఒక మాట," అంది వినూత. "ఇది మా అత్త వండింది కాదు. మొదట్నుంచి నేనే వండినా. నిరుడు నాకు ఆడబిడ్డ పుట్టి ఆ పొద్దే పోయింది. తెలిసి తీసుకోండి. వద్దంటే తీసుకపోతా. మనసులో ఏం పెట్టుకోను."

చివరి మాట అబద్ధం. అంటుండగానే తెలిసింది.

నాగక్క చేతులు పెట్టె దాకా వచ్చి ఆగాయి. తడి గుడ్డ ఒకటి భుజం మీద నుంచి జారింది, తీసి మళ్ళీ వేసుకుంది. లోపలి గదికి వేలాడుతున్న చీరగుడ్డ పరదా వైపు చూసింది.

"ఇన్ని దినాలూ ఇదే తినిందా మా నయన?"

"ఊఁ."

"బాగనే ఉండాదే మరి," అని తనలో తాను అనుకుంది. ఆ తరువాత తల అడ్డంగా ఊపింది. "లేదు తల్లీ. తెలీక తినింది దేవుడు చూసుకుంటాడు. తెలిసినంక పెడితే నేను చూసుకోవాల. నాకంత శక్తి లేదు. కోపం చేసుకోవద్దు."

"కోపం లేదవ్వా."

వినూత పెట్టెను చంకకు ఎత్తుకుంది. ఆశ్చర్యంగా, మొదట తోచింది తేలిక. తీర్పు అంటే ఇదీ. తన పేరు మీద, తన ముఖం చూసి చెప్పింది. మెట్టు దిగింది.

"ఆగు. నీకెవరు పెట్టిరి?"

వినూతకు అర్థం కాలేదు. వెనక్కి తిరిగింది.

"బిడ్డ పోయినా నువ్వు బాలింతవే గదా. పచ్చి ఒళ్ళు గదా అది. నీకు మిరియాల చారు ఎవరు కాచి పెట్టిరి?"

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మధ్యాహ్నం వినూతకు కళ్ళ ముందు నిలిచింది. భర్త శరణ్ కంచం తెచ్చి ఒడిలో పెట్టాడు. వంకాయ కూర, పప్పు, గడ్డపెరుగు. బాలింతకు ముట్టనివ్వనివన్నీ ఉన్నాయి అందులో. ఎవరూ కావాలని పెట్టలేదు. ఇంట్లో బిడ్డ లేదు కాబట్టి బాలింత కూడా లేదని వంటింటికి దానంతట అదే తెలిసిపోయింది. ఆమె ఆ వంకాయ కూర తిన్నది. చాలా నీళ్ళు తాగింది.

"ఎవరూ పెట్టలేదవ్వా."

"నువ్వు వండి పెట్టుకొన్యాది?"

"తినలేదు. ఇప్పటికీ తినను. ఉప్పు కూడా మా అత్తే చూస్తాది."

నాగక్క ఆమెను పైనుంచి కిందికి చూసింది. ఆ చూపులో జాలి ఉందో, సంతలో పశువు పళ్ళు చూసే లెక్క ఉందో వినూతకు తెలియలేదు.

"చెప్పులు విడిచి లోపలికి రా."

ఒకే గది, దానికి పరదా అవతల ఇంకో సగం. గ్యాసు పొయ్యి మీద ఇడ్లీ పాత్ర ఎక్కింది. మూత సందుల్లోంచి వెల్లుల్లి, మిరియాల వాసన వచ్చింది. ముసలామె స్టీలు పళ్ళెంలో అన్నం పెట్టి, పప్పు వేసి, కరిగిన నెయ్యి ధారగా పోసి వినూత ముందు పెట్టింది.

"ముందు నువ్వు తిను. నువ్వు తినంక మా నయనకు పెడతా. ఒక బాలింత తినంగా మిగిలింది ఇంకో బాలింత తింటే ఎవరేమంటారు?"

వినూత పళ్ళెం వైపు చూస్తూ కూర్చుంది. ఇది దయా, పరీక్షా? రెండూ అయి ఉండవచ్చు. ముసలివాళ్ళు రెంటినీ వేరు చేసి చూడరు. చెయ్యి పళ్ళెం అంచు దాకా వెళ్ళింది. అక్కడే ఉంది.

పరదా అవతల నుంచి నీరసంగా ఒక గొంతు వచ్చింది. "ఎవరవ్వా?"

"నీకు అన్నం పంపే అమ్మ. తాళు, ఆమె తింటాండాది."

"నాకు ఆకలైతాండాదవ్వా! బిడ్డ పీల్చి పీల్చి పెడతాండాది. కొంచెం బిరబిరా తినమను!"

నాగక్క పకపకా నవ్వింది. వినూత నవ్వలేదు కానీ, ఆ గొంతులోని తొందర ఆమె మోచేతిని తట్టింది. తన కోసమైతే ఎప్పటికీ తినలేకపోయేది. అవతల ఎవరో ఆకలితో కాచుకుని ఉన్నారు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

మిరియాలు ఎక్కువయ్యాయి. ఆమెకు తోచిన మొదటి మాట అదే. ఇన్నాళ్ళూ ఇంత ఘాటు పంపిస్తున్నానా, ఎవరూ చెప్పలేదే అనుకుంది. రెండో ముద్దకు కళ్ళలోంచి నీళ్ళు దిగాయి. మిరియాలకో, కాదో, నాగక్క అడగలేదు. పళ్ళెం పక్కన నీళ్ళచెంబు పెట్టి, ఇడ్లీ పాత్రలోని మిగతా అన్నం ఒక గిన్నెలోకి తీసుకుంది. పరదా తొలగించి లోపలికి వెళ్ళింది. గరిటె గిన్నెకు తగిలిన చప్పుడు, నయన "అబ్బా, వాసనే బాగుండాది" అన్న మాట వినబడ్డాయి.

వినూత తన చేతిని చూసుకుంది. నెయ్యి అంటుకుని ఉంది. చెయ్యే. మామూలు చెయ్యి.

నాగక్క తిరిగి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. తాంబూలం సంచీ విప్పుతూ, పల్లెలో ఎవరైనా ఎవరినైనా అడిగే మాట అడిగింది.

"బిడ్డను యాడ పెట్టిరి?"

వినూత నమలడం ఆపింది.

"మా పక్కనైతే చిన్న బిడ్డల్ని చేను గట్టున పెడతాం. మీ టౌన్లో ఎట్లనో."

"తెలీదవ్వా."

"తెలీదా? పోయి చూడలేదా?"

"అడగలేదు."

నాగక్క ఆకుకు సున్నం రాసింది. అడగలేదు అన్న మాట ఆ గదిలో ఎంత వింతగా ఉందో, అన్న తరువాత వినూతకు తెలిసింది. చేతి గురించి ఇన్ని నెలలు ఆలోచించింది. ఆ బిడ్డ ఎక్కడ పడుకుని ఉందో ఒక్కసారీ ఆలోచించలేదు. ఆలోచించనివ్వనిది తన లోపల ఏదో ఉంది.

చెయ్యి కడుక్కుని అరుగు మీదికి వచ్చి శరణ్‌కు ఫోను చేసింది. అంగట్లో గిన్నెలు ఒకదానిలో ఒకటి పడుతున్న చప్పుడు.

"శరణ్, పాపను యాడ పెట్టినారు?"

గిన్నెల చప్పుడు దూరమైంది. అతను వీధిలోకి వచ్చినట్టున్నాడు.

"ఇప్పుడెందుకు వినూ అది?"

"చెప్పు. నువ్వూ మామయ్యా గదా తీసుకపోయింది."

"అట్లనే నీకు చెప్పమనె అమ్మ." అతను గొంతు తగ్గించాడు. "నాయన ఆసుపత్రి మెట్ల మీదనే కూలబడె. నీకు రక్తం ఆగలే, నన్ను నీ కాడ్నుంచి కదలద్దనె. అమ్మ ఒక్కతే ఎత్తుకొని ఆటో ఎక్కె. కొంగు కప్పుకొని, బతికిన బిడ్డను తీసుకపోయినట్టే పాయె. చీకటి పడినంక వచ్చె. కాళ్ళకంతా ఎర్రమన్ను. యాడికి పోతివమ్మా అని ఎన్నిసార్లు అడిగితినో. ఈ పొద్దుటి వరకూ చెప్పలే."

లోపల నయన ఇంకొంచెం పెట్టమని అడుగుతోంది. వినూత అత్త దగ్గరికి వెళ్ళడానికి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.